సవరణ: నా విమర్శ స్టూడియోల మీద, మండల విలేకరుల మీద కాదు

టీవీ వార్తలపై నేను రాసిన పోస్టులో “వార్తలు చెప్పేవారికి మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలు తెలియవు” అన్న వాక్యాన్ని కొందరు మండల విలేకరులకు అన్వయించుకున్నారు. అందుకే ఈ వివరణ.

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు వరదలో తిరిగి వార్త పంపింది ఆ విలేకరులే. నా కోపమంతా హైదరాబాదు స్టూడియోల్లో కూర్చుని రోజూ సాయంత్రం పార్టీల ప్రతినిధులను ఒకరి మీదకు ఒకరిని ఉసిగొలిపే ప్రముఖ యాంకర్ల మీద. ఉదాహరణకు, వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని నల్లమల కింద సొరంగాల గుండా తేవడం దాని లక్ష్యం. మార్కాపురం, కనిగిరి వైపు ఫ్లోరైడు నీటితో బతికే ఊళ్లకు అది ప్రాణావసరం. దానిపై ఎప్పుడైనా చర్చ పెట్టినా, ఘనత ఏ ముఖ్యమంత్రిది అన్నదే వీరి ప్రశ్న. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల పళ్లు, పెద్దల ఎముకలు ఏమవుతాయో అడగరు. అడగాలంటే ముందు తెలియాలి కదా!

పోస్టులో “వార్తలు చెప్పేవారికి” అన్నచోట “స్టూడియో చర్చలు నడిపేవారికి” అని మార్చాను. మిగతా వాక్యాలన్నీ అలాగే ఉంచాను.