అయిదు వందల రూపాయలతో గాలి కంప్రెసర్ బలం రెట్టింపు కాదు

కారు డిక్కీలో పెట్టుకునే 12 వోల్టుల గాలి కంప్రెసర్ గురించి ఒక సలహా కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లోనూ చిన్న చిన్న వీడియోల్లోనూ విరివిగా తిరుగుతోంది. అయిదారు వందల రూపాయల విడిభాగాలు తగిలిస్తే ఆ చిన్న యంత్రం పెట్రోలు బంకులోని గాలి మిషనుకు సాటి వస్తుందని దాని సారాంశం. నేరుగా బ్యాటరీకి పట్టించే క్లిప్పులు, లావు తీగ, పెద్ద ఫ్యూజు, పొడవాటి గొట్టం, మీట నొక్కితే బిగుసుకునే ఇత్తడి నాజిల్, నీటిని వేరుచేసే ఫిల్టరు, చివరగా గాలిని నిల్వ ఉంచడానికి ఒక పాత సిలిండరు: ఇవీ ఆ భాగాలు. వీటిలో కొన్ని కొనదగినవే, కొన్ని డబ్బు దండగ, రెండు మాత్రం ప్రమాదకరం. అన్నింటినీ ఒకే గాటన కట్టడమే ఆ సలహాలో అసలు దోషం. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ తర్వాత, టైరు మరమ్మతు కిట్టూ గాలి పీడనాన్ని తెలిపే ఏర్పాటూ ఉన్న కార్లు స్టెప్నీ లేకుండానే అమ్ముడయ్యే వీలు కలిగింది కనుక, ఈ యంత్రంపై ఆధారపడేవారికి ఈ విషయం తేలికైనది కాదు.

మొదటి మాట: "150 పీఎస్‌ఐ యంత్రానికి శక్తి ఉంది, విడిభాగాలే దాన్ని అణచిపెడుతున్నాయి." పీఎస్‌ఐ అంటే గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం; పెట్టె మీద రాసిన 150 పీఎస్‌ఐ ఆ యంత్రం అందుకోగల గరిష్ఠ పీడనమే తప్ప గాలి నింపే వేగం కాదు. వేగాన్ని నిర్ణయించేది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్న లెక్క. అది యంత్రం లోపల పిస్టన్ ఆడే సిలిండరు వ్యాసం, ఆ పిస్టన్ కదిలే దూరం, మోటారు తిరిగే వేగం అనే మూడింటి మీద ఆధారపడుతుంది. మధ్యతరహా కారు టైరులో దాదాపు 28 లీటర్ల చోటు ఉంటుందనుకుంటే, పూర్తిగా దిగిపోయిన దాన్ని 33 పీఎస్‌ఐకి తేవడానికి బయటి గాలి 60 లీటర్లకు పైగా కావాలి. నిమిషానికి 35 లీటర్లు అని పెట్టె మీద ఉన్నా, సాధారణంగా ఆ అంకె ఎదురు పీడనం లేనప్పటిది; టైరు నిండేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. బయట తగిలించే ఏ భాగమూ పిస్టన్ కొలతను మార్చలేదు. మోటారు వేగాన్ని కొద్దిగా మార్చగలిగేది ఒక్క వోల్టేజీయే.

అక్కడే రెండో మాట వస్తుంది: "లావు తీగా బ్యాటరీ క్లిప్పులూ పెడితే వేగం రెట్టింపు." ఇందులో నిజం పాలు ఉంది గానీ, అది ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్ల పొడవుంటే, కరెంటు వెళ్లి రావడానికి మొత్తం ఆరు మీటర్లు. 10 ఆంపియర్ల వద్ద అందులో సుమారు 1.4 వోల్టులు కోల్పోతాము. దాని స్థానంలో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.4 వోల్టులకు తగ్గుతుంది. అంటే మోటారుకు అదనంగా అందేది ఒక్క వోల్టు. ఇలాంటి మోటారు వేగం దాదాపు వోల్టేజీని అనుసరించి పెరుగుతుంది కాబట్టి మనకు దక్కేది ఏ ఎనిమిది శాతమో. అయిదు నిమిషాల పనిలో అర నిమిషం కూడా మిగలదు. ఇంతకంటే ఎక్కువ లాభం ఇంజనును ఆన్‌లో ఉంచితే పైసా ఖర్చు లేకుండా వస్తుంది. ఇంజను ఆఫ్‌లో ఉన్నప్పుడు 12 వోల్టుల చుట్టూ ఉండే బ్యాటరీ, ఇంజను తిరుగుతున్నప్పుడు దానితోపాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పుణ్యాన సుమారు 14 వోల్టులు ఇస్తుంది. తలుపులు మూసిన గ్యారేజీలో మాత్రం ఆ పని చేయకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

బ్యాటరీ క్లిప్పుల అవసరం నిజంగా ఉన్నది 20 ఆంపియర్లకు పైగా లాగే రెండు సిలిండర్ల కంప్రెసర్లకు. చాలా కార్లలో లైటర్ సాకెట్ మీదే 120 వాట్లు అని రాసి ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. దాన్ని మించిన యంత్రాన్ని ఆ సాకెట్‌కు తగిలించకూడదు. క్లిప్పులు వాడేటప్పుడు ఎర్ర తీగ మీద, బ్యాటరీకి దగ్గరలోనే, తగిన ఫ్యూజు ఉండి తీరాలి. వీడియోల్లో ఎవరూ దీన్ని ప్రస్తావించరు. ఇక బైకుకున్న యూఎస్‌బీ సాకెట్‌కు తీగ మార్చి కంప్రెసర్ నడపవచ్చనేవారి విషయం సులువుగా తేలిపోతుంది: 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు వచ్చినా అది 15 వాట్లే.

మూడో మాట అన్నింటిలోకీ బాధ్యత లేనిది: "చిన్న ఫ్యూజు కరెంటును ఆపేస్తోంది, 30 ఆంపియర్లది వేయండి." ఫ్యూజు కరెంటును కొంచెం కొంచెంగా తగ్గించి పంపే పరికరం కాదు, అయితే నిలుస్తుంది, లేకపోతే కాలిపోతుంది. అది కాపాడేది కంప్రెసర్‌ను కాదు, డాష్‌బోర్డు వెనక కట్టల్లో పోయే సన్నని తీగలను. 15 ఆంపియర్లకు తగిన తీగ మీద 30 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే, ఏదైనా లోపం వచ్చిన రోజున ముందుగా కరిగేది ఫ్యూజు కాక తీగ పైపొర అవుతుంది. ఫ్యూజు పదేపదే పోతుంటే వెతకవలసినవి వేరు: అదే ఫ్యూజు మీద నడిచే ఇంకో పరికరం, బిగుసుకుపోతున్న పిస్టన్, సాకెట్‌లో వదులైన కాంటాక్టు.

గొట్టం ఎంత పొడవైనా ఫర్వాలేదనీ, యంత్రం మీది గేజి ఎలాగూ సరిగ్గానే చూపిస్తుందనీ అనడం కూడా సరికాదు. ఆ గేజి ఉండేది కంప్రెసర్ చివర. అక్కడి పీడనం టైరులోని దానికంటే ఎక్కువగా ఉంటేనే గాలి టైరులోకి ప్రవహిస్తుంది. కనుక మోటారు తిరుగుతున్నంతసేపూ అది కొంత ఎక్కువే చూపిస్తుంది. సన్నని పొడుగు గొట్టం కలిపితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మోటారు ఆపి ముల్లు నిలిచాక చూసిన అంకెనే నమ్మాలి. ఈ మొత్తం జాబితాలో లేకపోయినా, నా అభిప్రాయంలో మొదట కొనవలసినది విడిగా దొరికే చేతి గేజి. దానితో టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరుతో సరిచూసుకోవాలి. మే నెల ఎండలో హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా నడిపి దిగగానే కొలిస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కనబడడం సహజమే. దాన్ని చూసి గాలి తీసేయడం తప్పు.

మీట నాజిల్ విషయంలో సలహా ఇచ్చినవారితో నాకు పేచీ లేదు. మర తిప్పి బిగించే నాజిల్‌ను విప్పేలోగా కొంత గాలి కారిపోతుంది, చేతులూ కాలుతాయి; మీట ఉన్నది క్షణంలో ఊడివస్తుంది. అయితే ఇందులో రెండు రకాలున్నాయి. వాల్వు నుంచి తీయగానే తనంతట మూసుకునే రకం ట్యాంకు ఉన్న పెద్ద కంప్రెసర్లకు ఉద్దేశించినది. మన చిన్న యంత్రానికి ఎప్పుడూ తెరిచి ఉండే రకమే కావాలి, లేకపోతే టైరులోని పీడనం గేజి దాకా రాకపోవచ్చు, నాజిల్ సరిగా కూర్చోకపోతే మోటారు ఊరికే మొరాయిస్తుంది. దుకాణంలో ఈ తేడా అడిగి తీసుకోవాలి.

నీటి ఫిల్టరు రంగు స్ప్రే చేసేవారికి అవసరమైనది. టైరుకు గాలి నింపేటప్పుడు, యంత్రం నుంచి వేడిగా వచ్చే గాలిలో తేమ ఇంకా ఆవిరిగానే ఉండి ఫిల్టరును దాటిపోతుంది. విశాఖలాంటి తేమ ఊళ్లో కూడా అంతే.

మిగిలింది సిలిండరు. 5 లీటర్ల ట్యాంకును 100 పీఎస్‌ఐకి నింపామనుకుందాం. అది 33 పీఎస్‌ఐకి పడిపోయేలోగా ఇచ్చే బయటి గాలి దాదాపు 23 లీటర్లు. 25 నుంచి 33కు ఒక టైరును తేవడానికి 15 లీటర్లు కావాలి, అంటే ఒకటిన్నర టైరు. ఆ ట్యాంకును నింపాల్సింది కూడా అదే చిన్న యంత్రం, అదీ అత్యంత నెమ్మదిగా తోసే, అత్యధికంగా వేడెక్కే ఎక్కువ పీడనం వద్ద. పది పదిహేను నిమిషాలు నడిపి చల్లారనివ్వమని తయారీదారులు చెప్పేది ఈ వేడి వల్లనే. అది మితిమీరితే పిస్టన్ రింగు అరిగిపోతుంది.

ఇక ఆ సిలిండరు ఎలాంటిది? ఒకసారి వాడి పారేసే ఫ్రిజ్ గ్యాసు సిలిండరును వాడమంటారు. దాని రేకు పలుచన, అడుగున నీరు వదిలే మార్గం లేదు. గాలితోపాటు చేరిన తేమ లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంటే బయటికి ఏమీ కనిపించదు. పీవీసీ గొట్టానికి మూతలు బిగించినా సరిపోతుందని ఇంకొందరంటారు. దాని మీద ముద్రించిన పీడనం నీటికి సంబంధించినది. నీరు దాదాపుగా కుంచించుకుపోదు కనుక గొట్టం పగిలితే కారుతుంది. కుదించిన గాలిలో నిల్వ ఉన్న శక్తి అలా కాదు, ముక్కలను కత్తుల్లా విసురుతుంది. వంట గ్యాసు సిలిండరైతే గ్యాస్ కంపెనీ ఆస్తి, పైగా లోపల మిగిలిన గ్యాసు ఉంటుంది. మన దేశంలో గ్యాసు సిలిండర్లకు 2016 నాటి నిబంధనలున్నాయి, వాటిని అమలు చేసే కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. ట్యాంకు తప్పదనుకునేవారు సేఫ్టీ వాల్వు, పీడనం చూసి మోటారును ఆపే స్విచ్చి, అడుగున నీరు వదిలే కాక్ ఉన్నదాన్నే కొనాలి. అది అయిదు వందలకు రాదు. దానికి పెట్టే డబ్బుకు మరికొంత కలిపితే ఇంట్లో 230 వోల్టులకు నడిచే, ట్యాంకుతో కూడిన చిన్న కంప్రెసరే వస్తుంది.