‘జీతం చూడకు, అనుభవం చూడు’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఈ మధ్య ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి నర్సింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండింట్లోనూ సరుకు ఒక్కటే. ఏముందంటే: “కొత్త నర్సులు జీతం చూడకూడదు, అనుభవం చూడాలి. మొదటి రెండేళ్ళు ఎనిమిది వేలిచ్చినా చేరిపోండి. అనుభవం లేనిదే గవర్నమెంటు ఉద్యోగం రాదు. చిన్న నర్సింగ్ హోమ్‌లోనే అన్ని పనులూ వస్తాయి. ఇంట్లోనే ఉంటారు, ఖర్చేముంది? జీతం దానంతటదే పెరుగుతుంది. బాండు రాయమంటే రాసెయ్యండి. ఇది సేవ, బేరాలాడే పని కాదు.” కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు. రాసిందెవరో తెలీదు గానీ, నర్సు రాసింది కాదని మాత్రం చదివితే తెలిసిపోతుంది.

తక్కువ జీతానికి అసలు చేరొద్దని నేను చెప్పడం లేదు. కొన్నిచోట్ల చేరాలి కూడా. కానీ తక్కువ జీతానికి బదులుగా వాళ్ళు మీకిచ్చేది కాగితం మీద కనపడాలి, రేపు ఇంకోచోట చూపిస్తే చెల్లాలి. అలా చెల్లనిదాన్ని అనుభవం అని పిలిచి రెండేళ్ళు చవగ్గా పనిచేయించుకోవడం మీదే నా గొడవంతా.

ముందు ఆ గవర్నమెంటు ఉద్యోగం మాట చూద్దాం, ఎక్కువమంది భయపడేది దానికే కాబట్టి. ఎయిమ్స్ ఆసుపత్రులకు పెట్టే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకు అనుభవం అక్కర్లేదు. మూలవేతనం 44,900తో మొదలయ్యే ఉద్యోగం అది. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేసినవాళ్ళకు మాత్రం రెండేళ్ళ అనుభవం కావాలి, అదీ కనీసం 50 పడకలున్న ఆసుపత్రిలో, అర్హత వచ్చాక చేసినది. ఇక్కడే ఉంది అసలు మెలిక. మెసేజ్ పొమ్మంటున్న చిన్న నర్సింగ్ హోమ్‌లో పడకలెన్ని? పదిహేనో ఇరవయ్యో. అంటే అక్కడ రెండేళ్ళు కాదు, నాలుగేళ్ళు రాత్రీ పగలూ చేసినా నార్సెట్ లెక్కలో అది సున్నా. రైల్వే నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు కూడా మొదటి జీతం అంతే, దానికి జీఎన్ఎం వాళ్ళయినా అనుభవం చూపించక్కర్లేదు, పరీక్ష పాసవ్వాలి అంతే. ఇక ఒడిశా రాష్ట్ర పోస్టుల దగ్గర మన తెలుగు పిల్లలకు అడ్డం పడేది అనుభవం కాదు, ఒడియా. ఎంఈ స్థాయి ఒడియా, అంటే ఏడో తరగతి వరకు చదివినట్టుండాలి. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో ఒడియా ముట్టకుండా వచ్చేసినవాళ్ళు ముందు ఆ సర్టిఫికేట్ సంగతి చూసుకోండి, ఎనిమిది వేల ఉద్యోగం కన్నా అది తొందర పని.

ఇదే సందర్భంలో ఇంకో మాట. అనుభవం ఉందని మీరు నోటితో చెబితే ఎవరూ నమ్మరు. సర్టిఫికేట్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, పడకల సంఖ్య, సంతకం, ముద్ర ఉండాలి. యజమానికి కోపం వస్తే ఆ కాగితం ఇవ్వకుండా తిప్పుతాడు, ఇది మా ఊళ్ళో కొత్తేమీ కాదు. అలాంటప్పుడు మిమ్మల్ని కాపాడేది పీఎఫ్ పాస్‌బుక్. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎవరి దగ్గర పనిచేశారో అందులో నెలనెలా పడి ఉంటుంది, ఎవరూ కాదనలేరు. 20 మంది పనిచేసేచోట పీఎఫ్ కట్టి తీరాలి, మూలవేతనంలో మీ వాటా 12 శాతం, వాళ్ళ వాటా 12 శాతం. పదిమంది ఉన్నా ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది, జీతం 21 వేల లోపుంటే మీ నుంచి పట్టేది 0.75 శాతమే, ఎనిమిది వేలకైతే అరవై రూపాయలు. “పీఎఫ్ లేదమ్మా, మొత్తం చేతికే ఇచ్చేస్తాం” అని ఎవరైనా ప్రేమగా అంటే, మీరు అక్కడ పనిచేసిన ఆనవాలు ఎక్కడా మిగలదని అర్థం.

“చిన్నచోట అన్నీ నేర్చుకోవచ్చు.” ఇందులో కాస్త నిజముంది, కాదనను. పెద్ద ఆసుపత్రిలో కొత్తవాళ్ళను నెలల తరబడి బీపీలు, ఫైళ్ళ దగ్గరే ఉంచేస్తారు. చిన్నచోట మొదటి వారంలోనే కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టిస్తారు, కాన్పు గదిలోకి పంపిస్తారు. కానీ నేర్పేవాళ్ళెవరు? రాత్రి డ్యూటీలో పదిహేనుమంది రోగులకు ఒక్క కొత్తమ్మాయి, డాక్టరు ఇంట్లో. ఒడియావాళ్ళు ‘దిదీ’ అని, మనవాళ్ళు ‘సిస్టరమ్మా’ అని రెండు వైపుల నుంచీ పిలుస్తుంటారు, మధ్యలో రిసెప్షన్ ఫోనూ ఆమే ఎత్తాలి. డాక్టరు ఫోన్లోనే మందు చెబుతాడు, ఆమె ఇస్తుంది, నోట్స్‌లో రాసి సంతకం పెడుతుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ (చిన్న గాజు గొట్టంలో వచ్చే మందు) సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాల్సింది, నేరుగా నరంలోకి నెట్టేస్తే గుండె ఆగిపోతుంది. ఈ ముక్క పుస్తకంలో అందరూ చదివే ఉంటారు, కానీ రాత్రి రెండింటికి ట్రేలో ఒకేలా కనిపించే ఆంప్యూల్స్ మధ్య చెయ్యి తడబడినప్పుడు పక్కన ‘ఆగు, పేరు చదువు’ అనే సీనియర్ ఉందా లేదా అన్నదే తేడా. జరగరానిది జరిగితే కాగితం మీద ఉండేది ఫోన్లో చెప్పినాయన గొంతు కాదు, మీ సంతకం.

అందుకని అడగాల్సింది ‘ఏమేం నేర్పుతారు’ అని కాదు. మొదటి నెల నా పక్కన ఎవరుంటారు, రాత్రి వార్డులో ఎంతమందికి ఎంతమంది నర్సులు, వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు విడిగా ఉంటుందా, హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ వాళ్ళే వేయిస్తారా, సూది గుచ్చుకుంటే ఏం చేస్తారు. వీటికి నీళ్ళు నమలకుండా జవాబు చెప్పే 100 పడకల ఆసుపత్రి 12 వేలే ఇస్తానన్నా చేరండి. జవాబు లేని ఇరవై పడకల హోమ్ 15 వేలు ఇస్తానన్నా, ఇంట్లో మరీ ఇబ్బంది లేకపోతే నేనైతే చేరమనను. ఇంట్లో ఇబ్బందే ఉందనుకోండి, ఎడ్యుకేషన్ లోను కిస్తీ నెత్తి మీద ఉందనుకోండి, అప్పుడు ఆ పదిహేను వేలకే వెళ్ళండి, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. కాకపోతే మీ నార్సెట్ లెక్క అక్కడ మొదలవదని తెలిసి వెళ్ళండి.

ఇప్పుడు ఆ ఎనిమిది వేల సంగతి. 2024లో ఒడిశా ప్రభుత్వం సవరించిన కనీస వేతనం నైపుణ్యం లేని పనికి రోజుకు 450, నైపుణ్యం ఉన్న పనికి 550. నెలకు 26 రోజులు వేసుకోండి, 11,700, 14,300. మూడేళ్ళో నాలుగేళ్ళో చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, మనిషి ప్రాణం చేతిలో పెట్టుకున్న అమ్మాయికి ఎనిమిది వేలంటే తట్ట మోసే పనికి కట్టిన రేటు కన్నా తక్కువ. దీన్ని స్టార్టింగ్ జీతం అనరు, ఇంకేదో అంటారు. పైగా ఇది కొత్తగా నేను కనిపెట్టిన అన్యాయం కాదు. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు కమిటీ వేయమంది, ఆ కమిటీ లెక్క కట్టి ఇచ్చింది: 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20 వేలకు తగ్గకూడదు, 50 నుంచి 100 పడకలైతే ప్రభుత్వ నర్సు జీతం కంటే 25 శాతానికి మించి తగ్గకూడదు, 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 200 దాటితే సమానంగా ఇవ్వాలి. రాష్ట్రాలు అమలు చేస్తేనే అది అమలు. 2018లో కేరళ 20 వేలు కనీసమని నోటిఫికేషన్ ఇచ్చింది, అదీ అక్కడి నర్సులు రోడ్డెక్కాక. మన దగ్గర చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

“ఇంట్లో ఉంటారు, ఖర్చేముంది” అనేది నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండించే మాట. మీ నాన్న తిండి పెడుతున్నాడు కాబట్టి ఆసుపత్రి తక్కువిస్తుందట, అంటే మీ నాన్న ఆ యజమానికి నెలనెలా చందా కడుతున్నట్టేగా. పైగా ఖర్చు లేకపోవడమేమిటి? గోపాలపూర్ వైపు నుంచో ఆస్కా రోడ్డు చివర నుంచో వచ్చే పిల్లకు పగలు షేర్ ఆటో దొరుకుతుంది, రాత్రి డ్యూటీ మార్పు వేళకు ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. యూనిఫాం, బూట్లు, రోజంతా నిలబడితే వచ్చే కాళ్ళ నొప్పులకు మందులు. విశాఖలో 15 వేలు ఇస్తామంటే హాస్టలుకు ఆరు వేలు పోతుంది కాబట్టి రెండూ ఒకటే అని కొందరు లెక్క చెబుతారు. కాదు. అక్కడ పీఎఫ్ పడుతుంటే, పడకలు వందల్లో ఉంటే, చేతిలో మిగిలేది ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. అయితే ఒడిశా రిజిస్ట్రేషన్‌తో ఆంధ్రాలో పనిచేయాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో కూడా నమోదు చేయించుకోవాలి, ముందే దరఖాస్తు పెట్టండి. ఏ రిజిస్ట్రేషనూ అడక్కుండా ‘రేపట్నుంచి రా’ అనే చోటు గురించి వేరే చెప్పాలా?

జీతం దానంతటదే పెరగదు. కొత్తచోటికి వెళ్తే మొదటి ప్రశ్న ‘పాతచోట ఎంత?’ మీరు ఎనిమిదంటే వాళ్ళు పది అంటారు. పెంపు ఎప్పుడు, ఎంత అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాయించుకోండి. లెటరే ఇవ్వనివాడు పెంపు ఇస్తాడనుకోవడం అమాయకత్వం.

సేవ అంటారా, సరే. ఆ ఆసుపత్రి బిల్లులో ‘నర్సింగ్ చార్జీలు’ అని ఒక వరస ఉంటుంది చూడండి, రోగి నుంచి రోజుకింత అని వసూలు చేస్తారు. సేవైతే ఆ వరస కూడా కొట్టెయ్యాలి కదా!

చివరిది బాండు. ఆరు నెలల్లో మానేస్తే లక్ష కట్టాలని రాయించుకుంటారు, పిల్లలు అది చూసి వణికిపోతారు. రాసినంత మాత్రాన లక్షా రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం, బాండులో రాసిన మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. మీకు ఎలాంటి ట్రైనింగూ ఖర్చు పెట్టకుండా లక్ష నష్టం వచ్చిందని చెప్పడం వాళ్ళకూ కష్టమే. అయినా బాండు కన్నా ప్రమాదం ఒరిజినల్ సర్టిఫికేట్లు వాళ్ళ బీరువాలో పెట్టడం. ఎందుకంటే మీరు ఏ కోర్టుకూ వెళ్ళకుండానే చేతులు కట్టేసినట్టవుతుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు వెరిఫికేషన్‌కు తీసుకెళ్ళడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఒరిజినల్స్ చూపించండి, వాళ్ళ ముందే సరిచూసుకోమనండి, సంతకం చేసిన జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. కుదరదంటే లేచి వచ్చెయ్యండి, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల ఇంకో నర్సింగ్ హోమ్ బోర్డు కనపడటానికి పెద్దగా నడవనక్కర్లేదు.