రిక్రూటింగ్ సర్వీసులకు కట్టే డబ్బు దేనికి?

అమెరికాలో టెన్నిస్‌లోనో, ఈతలోనో, పరుగు పందేలలోనో కాస్త రాణిస్తున్న పిల్లలున్న ఇళ్లకు హైస్కూల్ రెండో ఏడాది వచ్చేసరికి ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. మీ అమ్మాయిలో కాలేజీ జట్టుకు ఆడే సత్తా ఉందనీ, అయితే కోచ్‌ల కంట పడటం అంత తేలిక కాదనీ, ఆ బాధ్యత తాము తీసుకుంటామనీ అవతలివారు చెబుతారు. ఇలాంటి రిక్రూటింగ్ సర్వీసుల ప్యాకేజీలు చాలావరకు వేల డాలర్లలో ఉంటాయి. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి ఈ ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

మా ఇంటికి వచ్చిన ఫోను సంగతి చెబుతాను. ఉచితంగా ఆట స్థాయిని అంచనా వేస్తామన్నారు గానీ, తల్లి, తండ్రి, అమ్మాయి ముగ్గురూ లైనులో ఉండి తీరాలని షరతు పెట్టారు. సంభాషణలో ముప్పాతిక భాగం అమ్మాయి ఆశల గురించే సాగింది. ధర మాట చివర్లో వచ్చింది, ఆ రోజే చేరితే తగ్గింపు ఉందన్న మాట దాని వెనకే వచ్చింది. పిల్ల వింటుండగా ‘ఆలోచించుకుని చెబుతాం’ అనడానికి ఏ తండ్రికైనా నోరు రాదు. ముగ్గురినీ కూర్చోబెట్టడంలోని కిటుకు అదే. యూటీఆర్ (టెన్నిస్ ఆటగాళ్ల స్థాయిని చూపే రేటింగ్) ఎంత అని ఒకసారి అడిగి రాసుకున్నారు తప్ప, ఆ రేటింగ్‌తో ఏయే కాలేజీల జట్లలో చోటు దొరికే అవకాశం ఉందో మాత్రం చెప్పలేదు. మాకు కావలసిన సమాచారం అదొక్కటే.

నిజానికి ఆ సమాచారం దాపరికమేమీ కాదు. టెన్నిస్ ఆటగాళ్ల యూటీఆర్, ఈతగాళ్ల టైమింగులు, అథ్లెట్ల రికార్డులు అన్నీ ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఉంటాయి. ప్రతి కాలేజీ తన జట్టు జాబితానూ, మ్యాచ్‌ల ఫలితాలనూ సైట్‌లో పెడుతుంది. జట్టులో ఐదో, ఆరో స్థానంలో ఆడుతున్న అమ్మాయి రేటింగ్ ఎంతో చూసి, మన అమ్మాయిది దానికి ఎంత దూరంలో ఉందో పోల్చుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. సాకర్, వాలీబాల్ వంటి ఆటల్లో ఇంత సూటిగా లెక్క తేలదు. అక్కడ వీడియోకూ, క్లబ్ కోచ్ మాటకూ విలువ ఎక్కువ. అయినా ఆ క్లబ్ కోచ్‌కు మనం ఇప్పటికే ఫీజు కడుతున్నాం కదా!

సర్వీసులు ముఖ్యంగా అమ్మేవి ఒక ప్రొఫైల్ పేజీ, వీడియో పెట్టుకునే చోటు, కోచ్‌ల చిరునామాలు, గంపగుత్తగా వెళ్లే ఈమెయిళ్లు. కోచ్‌ల చిరునామాలు కాలేజీ సైట్లలోనే ఉంటాయి. ఆడదలచిన విద్యార్థులు నింపడానికి ఒక ప్రశ్నపత్రం కూడా అక్కడే ఉచితంగా దొరుకుతుంది. ఇక ఈమెయిల్ విషయానికొస్తే, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, రేటింగ్, జీపీఏ మొదటి వరుసలోనే పెట్టి, ఆ జట్టునే ఎందుకు ఎంచుకుందో రెండు వాక్యాల్లో చెప్పి, వచ్చే నెలలో ఏ టోర్నమెంటులో ఆడబోతోందో తెలిపి, అమ్మాయి తన చేత్తో రాసుకున్న ఉత్తరం ఒక ఎత్తయితే, వందల మందికి ఒకే మూసలో వెళ్లే ఉత్తరం ఒక ఎత్తు. ఏది ఎలాంటిదో కోచ్‌లు ఇట్టే పసిగడతారు. తల్లిదండ్రులు రాసినదాన్ని కూడా పసిగడతారు, ఆ మాట మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

స్కాలర్‌షిప్ ఆశ చూపించే చోట మరింత జాగ్రత్త అవసరం. అమెరికా కాలేజీ క్రీడలను నడుపుతూ, కాలేజీలను మూడు డివిజన్లుగా విభజించే సంస్థ ఎన్‌సీఏఏ. హైస్కూల్లో ఆడే పిల్లల్లో ఎన్‌సీఏఏ కాలేజీల క్రీడా స్కాలర్‌షిప్ దక్కేది నూటికి సుమారు ఇద్దరికి. 400కు పైగా కాలేజీలున్న మూడో డివిజన్‌లో క్రీడా స్కాలర్‌షిప్‌లు అసలే లేవు, హార్వర్డ్, యేల్ వంటి కాలేజీలుండే ఐవీ లీగ్‌లోనూ లేవు. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏపై వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం స్కాలర్‌షిప్‌ల సంఖ్యపై ఉన్న పాత పరిమితులను తీసేసి, వాటికి బదులు జట్టు పరిమాణంపై పరిమితి పెట్టింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు 10 మందే. నాలుగేళ్ల చదువుకు ఆ పదిని పంచి చూస్తే ఏడాదికి ఖాళీ అయ్యేవి రెండో మూడో స్థానాలు. మొదటి డివిజన్ టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ విద్యార్థులే, పైగా వేరే కాలేజీ నుంచి బదిలీపై వచ్చే అనుభవజ్ఞులు ఉండనే ఉన్నారు. విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. నెల్లూరు మూలాలున్న నిశేశ్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌కు ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్‌పై తొలి సెట్ గెలిచాడు. మన పిల్లలు పోటీ పడేది ఆ స్థాయి వాళ్లతో. ఏ ప్రొఫైల్ పేజీ అయినా ఆ అంతరాన్ని పూడ్చలేదు.

మన ఇళ్లల్లో ఎక్కువ శ్రద్ధగా ఆడే ఆటల్లో రెండింటికి, బ్యాడ్మింటన్‌కూ క్రికెట్‌కూ, ఎన్‌సీఏఏలో చోటే లేదు. అవి ఆడే పిల్లలకు ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే ఫోను పెట్టేయవచ్చు.

మరో సంగతి. స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ప్రతిఫలంగా, లేదా వచ్చిన సొమ్ములో ఇంత వాటా అని, ఎవరైనా ఫీజు తీసుకుంటే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం వారిని ఏజెంటుగా పరిగణిస్తారు, దానివల్ల విద్యార్థి అర్హతకే ముప్పు. అందుకే సవ్యంగా నడిచే సర్వీసులు ఫలితంతో సంబంధం లేకుండా రుసుము తీసుకుంటాయి. అంటే చోటు దొరికినా దొరక్కపోయినా వాళ్ల డబ్బు వాళ్లకు ముట్టినట్టే. దొడ్డిదారి చూపిస్తామనేవాళ్ల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆటలే ఆడని పిల్లలను క్రీడాకారులుగా చూపించి కాలేజీల్లో చేర్పించిన అడ్మిషన్ల కన్సల్టెంట్ రిక్ సింగర్‌కు 2023లో మూడున్నరేళ్ల శిక్ష పడింది.

ఇంత తెలిసీ మనవాళ్లు ఎందుకు కడుతున్నారు? ఈ దేశంలో హైస్కూల్ చదవని తల్లిదండ్రులం మనం. కౌన్సెలర్‌ను ఏమి అడగాలో, ఏది ఎప్పుడు చేయాలో తెలియదు. అమీర్‌పేట రోజుల నుంచీ తెలియని ప్రతి పనికీ ఒక కన్సల్టెన్సీ ఉంటుందనీ, ఫీజు కడితే పని జరుగుతుందనీ అలవాటు పడిపోయాం. పైగా మనలో చాలామందికి కావలసింది స్కాలర్‌షిప్ కాదు, అడ్మిషన్. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఐవీ కాలేజీల్లోనూ, మూడో డివిజన్‌లోని మంచి కాలేజీల్లోనూ చాలాచోట్ల కోచ్ మెచ్చిన విద్యార్థి మార్కులను పన్నెండో తరగతికి ముందు వేసవిలోనే అడ్మిషన్ల కార్యాలయం ఒకసారి పరిశీలించి, సీటు వచ్చే అవకాశం ఎంతో ఒక మాట చెబుతుంది. ఆ మాట చేతికందాలంటే కోచ్‌తో నెలల తరబడి పరిచయం ఉండాలి, అది మధ్యవర్తి వల్ల కుదరదు.

డబ్బు కట్టడం సబబైన సందర్భాలూ లేకపోలేదు. ఇద్దరూ రాత్రింబవళ్లు పనిచేస్తూ, క్లబ్ కోచ్ సాయం కూడా లేని కుటుంబానికి, వీడియో చూసి ఉన్నదున్నట్టు చెప్పే మాజీ కాలేజీ కోచ్‌కు గంటల లెక్కన ఫీజు ఇవ్వడం మంచి ఖర్చే. ‘ఈ స్థాయికి మొదటి డివిజన్ ఆశ వదులుకోండి’ అని ముఖం మీద చెప్పగలిగిన మనిషికి ఆ డబ్బు చెల్లుతుంది.

మిగిలిన కుటుంబాలకు గుర్తుండాల్సిన తేదీ ఒకటుంది. టెన్నిస్ సహా చాలా ఆటల్లో మొదటి డివిజన్ కోచ్‌లు విద్యార్థికి స్వయంగా జవాబివ్వగలిగేది పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 నుంచే. అంతకు ముందు రాసిన ఉత్తరాలకు జవాబు రాకపోతే పిల్లలో లోపముందని హడలిపోతాం. సర్వీసుల ఫోన్లు వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. కాలేజీ జట్లలో ఆడుతున్న పిల్లలున్న కుటుంబాలు మన తెలుగు సంఘంలోనే కొన్ని ఉన్నాయి. వారి పేర్లతో ఆటలవారీగా ఒక జాబితా తయారుచేసి కొత్తవారికి అందుబాటులో ఉంచమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. టెన్నిస్ వరకు ఫోన్లు ఎత్తే పని నాకు అప్పగించవచ్చు.