అరవై దాటితే ఒంటికి ఏదీ పట్టదా?

హైదరాబాద్‌లో పొద్దున్నే నడకకు వెళ్ళేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఓ సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "అరవై దాటాక పేగులు ఖనిజాలను పీల్చుకోవు. తిండితో లాభం లేదు. పరగడుపున కాల్షియం, ఐరన్ మాత్రలు కలిపి వేసుకోండి. మాత్రలు పడకపోతే పాలకూర రసం తాగండి, అది పాలతో సమానం." పెద్దవాళ్ళు నమ్మి పాటిస్తున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

పేగులు పీల్చుకోవన్నది అబద్ధం. కాల్షియం విషయంలో ఆ శక్తి తగ్గుతుంది, ఆగిపోదు. పసిపిల్లలకు పాలలోని కాల్షియం 60 శాతం దాకా ఒంటబడుతుంది. పెద్దయ్యాక అది 25 శాతం దగ్గరికి వచ్చి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. దీనికి పెద్ద కారణం, కాల్షియం ఒంటబట్టడానికి కావాల్సిన విటమిన్ డి తగ్గడం. వయసు మీదపడ్డ చర్మం ఎండలో దాన్ని తక్కువగా తయారుచేస్తుంది. తెల్లవారకముందే పార్కుకు వెళ్ళి ఎండ రాకముందే ఇల్లు చేరేవాళ్ళకు ఆ కాస్తా అందదు.

తిండితో లాభం లేదా? 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అందులో కొంత పట్టి ఉంచుతాయి. రాగులను మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా అవి తగ్గుతాయి. మన అంబలి చేసే మేలు ఇదే. పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ ఎక్కువ పడుతుంది, అన్నం తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగితే బాగా తగ్గుతుంది. చాయ్‌ని ఒక గంట ఆపుకుంటే చాలు.

పాలకూరలో కాల్షియం ఉన్నా ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని వదలవు, ఒంటికి దక్కేది 5 శాతమే. కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళకు రోజూ ఆ రసం తాగడం ప్రమాదం కూడా.

రెండు మాత్రలూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌కు అడ్డుపడుతుంది. మామూలుగా దొరికే కాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, కాబట్టి దాన్ని పరగడుపున కాదు, భోజనంతో వేసుకోవాలి. ఒక్కసారి 500 మిల్లీగ్రాములు మించితే ఒంటబట్టే వంతు తగ్గిపోతుంది.

సందేశంలో లేని అసలు దోషి ఇంకొకటి ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి వాడే గ్యాస్ మాత్రలు, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి. అవి ఆమ్లాన్ని అణచివేస్తాయి. వీటిని దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. విటమిన్ బి12 కూడా తగ్గవచ్చు. అలాగని సొంతంగా ఆపేయకండి, ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి.

ఇక ఐరన్. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు అది దాదాపు పడుచువాళ్ళకు పట్టినట్టే పడుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ పడిపోతే వయసు మీదికి నెట్టేయకూడదు. కడుపులో పుండో, మూలవ్యాధో, పేగు క్యాన్సరో లోపల రక్తం పోగొడుతూ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా ఐరన్ మింగితే ఇంకో ముప్పు: ఆ మాత్రలతో మలం ఎలాగూ నల్లబడుతుంది, రక్తస్రావంతో నల్లబడినా మాత్రల వల్లే అనుకుని ఊరుకుంటారు.