బతికి బయటపడినవారి లెక్క ఏది?
ఏటా నవంబరు 30న రసాయన యుద్ధ బాధితుల సంస్మరణ దినం పాటిస్తారు. ఆరోజు మృతులకు నివాళులర్పించి, ఎన్ని టన్నుల విషాన్ని నాశనం చేశారో చెబుతారు. చెప్పుకోదగ్గ సంగతే, కాదనను. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో 193 దేశాలున్నాయి. అవి ప్రకటించిన 72 వేల టన్నులకు పైగా నిల్వలు, 2023 జులైలో అమెరికా తన చివరి ఆయుధాన్ని ధ్వంసం చేయడంతో పూర్తిగా అంతరించాయి. నా అభ్యంతరమల్లా, చావు తప్పించుకున్నవారు ఈ లెక్కల్లో ఎక్కడా కనబడకపోవడమే.

1988 మార్చి 16న ఇరాక్‌లోని కుర్దుల పట్టణం హలబ్జా మీద మొదట మామూలు బాంబులు పడ్డాయి. జనం పిల్లాపాపలతో నేలమాళిగల్లోకి దిగారు. ఆ తర్వాత సద్దాం హుస్సేన్ విమానాలు వదిలిన విషవాయువులు, గాలికన్నా బరువైనవి కావడంతో, జనం తలదాచుకున్న ఆ నేలమాళిగల్లోకే దిగి పేరుకున్నాయి. దాదాపు 5,000 మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది ఇరాన్‌లోని సర్దష్త్ పట్టణం మీద కూడా ఇరాక్ మస్టర్డ్ గ్యాస్ ప్రయోగించింది.

ఆ గ్యాస్ తగిలిన క్షణాన నొప్పి తెలియదు. కొన్ని గంటలు గడిచాక కళ్లు వాచి మూసుకుపోతాయి, ఒళ్లంతా బొబ్బలెక్కుతుంది, శ్వాసనాళాల లోపలి పొర ఊడిపోతుంది. దానికి విరుగుడు లేదు. ప్రాణాలతో మిగిలినవారిలో ఎందరో దశాబ్దాలు గడిచినా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, మసకబారిన చూపుతో కాలం వెళ్లదీస్తున్నారు.

ఇదంతా 1925 నాటి జెనీవా ఒప్పందం అమల్లో ఉండగానే జరిగింది. అది ప్రయోగాన్ని నిషేధించిందే తప్ప తయారీని, నిల్వను ముట్టుకోలేదు. ముడి రసాయనాలు అమ్మి లాభపడినవారిలో శిక్ష పడినవారు బహు తక్కువ. సద్దాం ప్రభుత్వానికి రసాయనాలు అమ్మిన ఫ్రాన్స్ వాన్ అన్రాట్ అనే డచ్ వ్యాపారికి 2005లో నెదర్లాండ్స్ కోర్టు 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అప్పటికి హలబ్జా ఘోరం జరిగి 17 ఏళ్లు.

1997 ఒప్పందం ఆ లొసుగులను పూడ్చింది, నిల్వల ధ్వంసానికి గడువులు పెట్టింది, తనిఖీ బృందాలను పంపింది. అయినా 2013లో సిరియాలోని ఘౌతాలో సారిన్ అనే విషవాయువుకు వందలమంది బలయ్యారు. బాధితుల కోసం 2011లో నెలకొల్పిన సహాయ నిధి మాత్రం నేటికీ దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాల మీదే ఆధారపడి ఉంది. ఆయుధాల విషయంలో అంత కచ్చితంగా ఉన్నవాళ్లు వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఎవరి దయ వారిది అంటే ఎలా? వాటిని తయారుచేసిన దేశాలు, ముడిసరుకు అమ్మిన సంస్థలున్న దేశాలు ఆ నిధికి ఏటా తప్పనిసరిగా వాటా కట్టేలా నిబంధన తేవాలి. సర్దష్త్ రోగికి వాడే ఇన్‌హేలర్ ఖర్చు కూడా నిరాయుధీకరణ ఖర్చు కిందికే రావాలి.