ఆ 15ను 2 చేయకండి, దయచేసి

మెయిల్ ఆలస్యంగా వస్తోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే చాలు, సర్వర్ చూసుకునేవాళ్లలో చాలామంది చేయి నేరుగా ఒక అంకె మీదికే పోతుంది. చెత్త మెయిల్‌ను ఏరే ఫిల్టర్ స్పామ్‌అసాసిన్, ఉత్తరం పంపిన యంత్రం స్పామర్ల బ్లాక్‌లిస్టుల్లో ఉందా అని డీఎన్ఎస్ (ఇంటర్నెట్‌లో పేర్లను వెతికిపెట్టే వ్యవస్థ) ద్వారా అడుగుతుంది. ఆ జవాబుల కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే ఆర్‌బీఎల్ టైమౌట్ అది. మామూలుగా 15 సెకన్లు ఉంటుంది. దాన్ని 2 చేసేస్తారు. మెయిల్ పరుగందుకుంటుంది. ఇక భుజాలు చరుచుకోవడమే.

ఒకప్పుడు నేనూ ఈ ఘనకార్యం చేశాను, కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

వారం తిరగకుండానే ఇన్‌బాక్సులు చెత్తతో నిండాయి. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఒక పచ్చి స్పామ్ ఉత్తరం హెడర్ (పైన దాగి ఉండే సాంకేతిక వివరాలు) తెరిచి చూస్తే ఫిల్టర్ వేసిన స్కోరు 3.1. స్పామ్ అని ఆపే గీత 5 దగ్గర ఉంది కనుక దర్జాగా లోపలికి వచ్చేసింది. తగిలిన నియమాల వరుసలో బ్లాక్‌లిస్టు పేరు ఒక్కటీ లేదు. పంపిన యంత్రం ఐపీని వెనక నుంచి ముందుకు తిప్పి (192.0.2.44 అయితే 44.2.0.192 అని రాయాలి), చివర జాబితా పేరు తగిలించి చేత్తో అడిగాను. 127.0.0.2 అని జవాబు వచ్చింది. అంటే పంపిన దొంగ పేరు జాబితాలో ఉంది. కాకపోతే ఆ జవాబు రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. మన ఫిల్టర్ రెండో సెకనుకే తలుపు మూసేసింది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ మౌనమంటే ఏకంగా సత్ప్రవర్తన పత్రమే. జవాబు రాని జాబితాకు స్కోరులో సున్నా పడుతుంది, అంతే. ఎవరికీ చెప్పదు, గొడవ చేయదు.

అసలు ఆ 15 అంత మొండిది కూడా కాదు. ప్రశ్నలన్నీ మొదట్లోనే ఒకేసారి వెళ్తాయి. జవాబులు వచ్చేకొద్దీ గడువు తనంతట తానే కుదించుకుంటూ 3 సెకన్ల వైపు దిగుతుంది. పదింట తొమ్మిది వచ్చేశాయంటే మిగిలినదాని కోసం అయిదు సెకన్లకు కాస్త పైన ఆగుతుంది. ప్రతి ఉత్తరానికీ దాదాపు 15 సెకన్లూ పడుతున్నాయంటే మూతపడిన జాబితా ఒకటి మిగిలిపోవడం కాదు, డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబులు వెతికి తెచ్చే మీ రిజాల్వరే పడకేసిందన్నమాట! అవతల ఉత్తరం పంపే సర్వరేమో ఉత్తరం ముగిసిందని చెప్పే చివరి చుక్క పెట్టాక 10 నిమిషాలు ఓపిక పట్టాలని మెయిల్ పంపకాల ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతోంది. తొందరంతా మనదే.

ఆర్‌స్పామ్‌డీ అనే మరో ఫిల్టర్‌లో 1 సెకనేగా అని వాదించేవాళ్లు ఉంటారు. నిజమే, కానీ జవాబు రాకపోతే అది అదే ప్రశ్నను మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ సగం మాట ఎవరూ చెప్పరు.

వేగం కోసం అందరూ వాడే పబ్లిక్ రిజాల్వర్‌కు మారడం ఇంకో తెలివి. అలా అడిగితే బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ 127.255.255.254 అంటుంది. జాబితాలో ఉన్నాడా లేడా అని కాదు దాని అర్థం, ఈ దారిన అడగవద్దని.

నేను చివరికి చేసిందల్లా మెయిల్ ఉన్న యంత్రంలోనే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టి, ప్రశ్నలను ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా నేరుగా అడగనివ్వడం. ఆ 3.1 ఉత్తరాన్నే మళ్లీ ఫిల్టర్‌లోకి పంపాను. ఈసారి 8.4, సెకను కూడా పట్టలేదు. టైమౌట్ మళ్లీ 15 చేశాను, ఇప్పటికీ అలాగే ఉంది.