కుర్చీ దిగడం తెలిసిన మనిషి

పోయిన ఆగస్టులో ఇక్కడ బెంగళూరులో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్తూ మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక పెద్దాయనను కూడా వెంట తీసుకెళ్ళాం. ధర్మవరం మనిషి. ఎనభై దాటాయి, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. గ్లాస్ హౌస్ ముందు లైన్ ఎంతకీ కదలడం లేదు. పిల్లలు విసిగిపోయి ఐస్‌క్రీమ్ కోసం గోల మొదలుపెట్టారు. ఆయన మాత్రం ఆ గాజు గోడల వైపే చూస్తూ, "ఈడ సభ జరిగినప్పుడే గదప్పా మన సంజీవరెడ్డిని రాష్ట్రపతికి నిలబెడతామనింది. మళ్ళా వాళ్ళే ఓడగొట్టిరి" అన్నారు.

"సంజీవరెడ్డి ఎవరు తాతా?" అంది మా పాప.

ఆయన నా వైపు చూశారు, నువ్వే చెప్పు అన్నట్టు. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి, తర్వాత రాష్ట్రపతి అని చెప్పాను. అక్కడితో ఆగిపోయాను. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన నాకు అంతకు మించి ఒక్క ముక్క కూడా తెలీదు. చాలా బాధేసింది. ఆ రోజు నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నీలం సంజీవరెడ్డి గారు కన్ను మూసింది మన బెంగళూరులోనే. సమాధి ఉన్నదీ ఇక్కడే, కల్పల్లి శ్మశానంలో. ఉగాదికీ సంక్రాంతికీ అంతమంది పెద్దలను తలుచుకునే ఈ ఊరి తెలుగువాళ్ళ సంఘం, మన సంఘం, ఆయన్ను ఒక్కసారైనా తలుచుకోలేదు. ఇది సరిదిద్దుకోవలసిన విషయం. ఆయన ఎన్ని పదవులు ఎక్కారో పిల్లలకు పుస్తకాల్లో దొరుకుతుంది. ఎలా దిగారో మనం చెప్పాలి.

ఆయన 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. అప్పటికి మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మద్రాసు అడయారులో థియోసాఫికల్ హైస్కూల్లో చదివారు. తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరి, గాంధీ ప్రభావంతో 1931లో చదువు మానేశారు. 1940 నుంచి 45 వరకు ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. అమరావతి (మన అమరావతి కాదు, ఇప్పటి మహారాష్ట్రలోది) జైల్లో ఆయనతో పాటు ఉన్నవాళ్ళలో ప్రకాశం పంతులు గారు, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఉన్నారు. ఈ గిరి గారి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1952 ఎన్నికల్లో మాత్రం సొంత అనంతపురంలో ఓడిపోయారు. గెలిచింది ఆయనకు దగ్గరి బంధువైన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం గారికి ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. 1960లో ఆ పదవి వదిలి కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడై, 1962లో మళ్ళీ ముఖ్యమంత్రిగా వచ్చారు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది ఆ కాలంలోనే. ఇప్పుడు ఆ జలాశయానికి నీలం సంజీవరెడ్డి సాగర్ అనే పేరుంది.

నన్ను పట్టి కూర్చోబెట్టిన సంగతి 1964ది. కర్నూలు జిల్లాలో కొన్ని బస్సు రూట్లను ప్రభుత్వం ఆర్టీసీకి తీసుకుంది. ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. రాజకీయంగా తనకు గిట్టనివాళ్ళను దెబ్బ తీయడానికే ముఖ్యమంత్రి ఈ పని చేయించారని వాళ్ళ ఆరోపణ. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదని కోర్టు ఎత్తి చూపించి, ఆ పథకం చెల్లదంది. ఆ కేసులో ముఖ్యమంత్రికి శిక్ష ఏమీ పడలేదు. కుర్చీ దిగమని కోర్టు అనలేదు. అయినా ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు.

ఆయన తప్పేమీ లేదని నేను వాదించడం లేదు. సుప్రీంకోర్టు నోట ఆ మాట వచ్చిందంటే చిన్న విషయం కాదు. కానీ మాట పడ్డాక ఆయన చేసిన పని చూడండి. అప్పీలు, రివ్యూ, కమిటీ అంటూ ఆరు నెలలు లాగలేదు. పార్టీ మొత్తం నా వెనకే ఉందని సభలు పెట్టలేదు. ఈ రోజుల్లో చార్జిషీటు పడినా మంత్రులు సీట్లోంచి లేవకపోవడం చూస్తూ పెరుగుతున్న పిల్లలకు, ఇలాంటి రోజు ఒకటి ఉండేదని చెప్పాలా వద్దా?

రెండోది 1967. హిందూపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. అయిన వెంటనే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. సభకు కాపలాదారు ఏ పార్టీ మనిషీ కాకూడదన్నది ఆయన అభిప్రాయం. చట్టంలో అలాంటి నిబంధన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తన చైర్ మీద తనకున్న గౌరవం కొద్దీ చేశారు. స్పీకర్ నిర్ణయాల మీద మన రెండు రాష్ట్రాల్లోనూ, ఇక్కడ కర్ణాటకలోనూ ఎన్ని గొడవలు చూశామో మీకు తెలుసు. పార్టీ మారిన ఎమ్మెల్యేల మీద ఫిర్యాదు నెలల తరబడి స్పీకర్ టేబుల్ మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఈ 1967 గుర్తొస్తుంది.

ఇక పెద్దాయన గ్లాస్ హౌస్ ముందు అన్న మాట. రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే కన్ను మూశారు. ఉప రాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక బాధ్యత తీసుకున్నారు. జులైలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు మన బెంగళూరులో, లాల్‌బాగ్‌లో జరిగాయి. అప్పటికే పార్టీలో ఇందిరా గాంధీ ఒకవైపు, కామరాజ్, నిజలింగప్ప, మొరార్జీ దేశాయ్ లాంటి పాతకాపులు మరోవైపు. పార్లమెంటరీ బోర్డులో పాతకాపుల మాటే నెగ్గి, సంజీవరెడ్డి పేరు ఖాయమైంది. ప్రధానికి అది ఇష్టం లేదు. అయినా నామినేషన్ పత్రం మీద ఆమే సంతకం పెట్టారు.

ఆ తర్వాతి రోజులు ఎంత వేగంగా నడిచాయో చదువుతుంటే ఊపిరాడదు. మొరార్జీ నుంచి ఆర్థిక శాఖ తీసేశారు. జులై 19న పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాయి. అదే రోజు సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలేశారు. మర్నాడు గిరి కూడా తన పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. ఇల్లూరు మనిషి, బరంపురం మనిషి, అమరావతి జైల్లో పక్కపక్కనే ఉన్న ఇద్దరు తెలుగువాళ్ళు దేశంలో అన్నిటికన్నా పెద్ద కుర్చీ కోసం ఎదురెదురు నిలబడ్డారు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయండని ప్రధాని పిలుపునిచ్చారు. తాను సంతకం పెట్టిన అభ్యర్థిని ఓడించమని చెప్పడమే అది.

ఆగస్టు 16న పోలింగ్. లెక్కింపులో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మరో అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 తేలాయి. రాష్ట్రపతి ఎన్నిక అలా రెండో ప్రాధాన్యం దాకా వెళ్ళి తేలింది అప్పుడొక్కసారే. కొన్ని నెలలకు పార్టీ రెండు ముక్కలైంది.

ఒక మాట ఒప్పుకోవాలి. పార్టీ సభ్యత్వం వదిలేసిన స్పీకర్, రెండేళ్ళకే అదే పార్టీ అభ్యర్థిగా నిలబడడం నాకు ఇబ్బందిగానే ఉంది. 1967లో గీసుకున్న గీతను ఆయనే దాటారు. కాకపోతే స్పీకర్ కుర్చీలో కూర్చునే ప్రచారం చేయలేదు, ముందు దిగారు.

ఓడిపోయాక ఢిల్లీలో బంగళా పట్టుకుని వేలాడలేదు. అనంతపురం వచ్చి వ్యవసాయం చేసుకున్నారు. యాభై ఆరేళ్ళ మనిషి, ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి, స్పీకర్ చేసినవాడు, వర్షం కోసం ఆకాశం చూసే మన నేలకు తిరిగొచ్చారు. ఈ సంవత్సరాల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా ముందు మన పిల్లలకు చెప్పాలనిపించేది ఇదే. ఇక్కడ ఐటీలో ఉద్యోగం పోతే ఊరికి ఫోన్ చేసి చెప్పుకోలేక నలిగిపోయే కుర్రాళ్ళను నేను చూస్తున్నాను. దేశమంతా చూస్తుండగా ఓడిపోయిన మనిషి ఊరికి తిరిగొచ్చి తలెత్తుకునే బతికారు.

1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంతో మళ్ళీ బయటికొచ్చారు. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచింది ఈయన. మళ్ళీ స్పీకర్ అయ్యారు. ఆ ఏడాదే రాష్ట్రపతి పదవి ఖాళీగా ఉంది. ప్రధాని మొరార్జీ ముందు అడిగింది మద్రాసు కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్‌ను. ఆమె వద్దన్నారు. చివరికి 37 నామినేషన్లు వస్తే 36 చెల్లలేదు, సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయింది ఇప్పటిదాకా ఆయన ఒక్కరే. ఎనిమిదేళ్ళ కింద ఓడించిన కాంగ్రెస్ కూడా మద్దతిచ్చింది. వచ్చీ రాగానే జీతంలో 70 శాతం తగ్గించుకుంటానని ప్రకటించారు.

ఆయన రాష్ట్రపతిగా చేసినవన్నీ నేను మెచ్చుకోలేను. 1979 జులైలో మొరార్జీ దిగిపోయారు. చరణ్ సింగ్ ప్రధాని అయ్యి, సభలో బలం చూపించకుండానే ఆగస్టు 20న రాజీనామా చేస్తూ, లోక్‌సభను రద్దు చేయమన్నారు. తనకు బలముందని జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్ చెప్పుకుంటున్నా సంజీవరెడ్డి ఆయన్ను పిలవలేదు. ఆగస్టు 22న సభ రద్దయింది. ఒక్క రోజైనా సభను ఎదుర్కోని ప్రధాని సలహా పట్టుకుని, సభలో తేల్చుకుంటానన్న మనిషికి అవకాశం ఇవ్వకపోవడం తప్పనే నా అభిప్రాయం. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే దారి అక్కడ మూసుకుపోయింది. సభకు కాపలా కాస్తానన్న పాత స్పీకరే ఆ పని చేయడం నాకు మింగుడు పడలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని కమిటీలో చెప్పినప్పుడు నల్గొండ నుంచి వచ్చిన మిత్రుడొకరు, "అన్నా, ఆరో వేలు సంగతి కూడా రాస్తవా?" అని అడిగారు. రాస్తాను. 1956 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలి. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళలో సంజీవరెడ్డి ఒకరు. ముఖ్యమంత్రి అయ్యాక ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదని అన్నారు, అప్పుడు ఎవరినీ వేయలేదు. తానే అంతకుముందు ఉప ముఖ్యమంత్రిగా పని చేసిన మనిషి ఆ మాట అన్నారు. తెలంగాణ వాళ్ళ మనసులో అది ముల్లులా మిగిలింది, మిగలడంలో న్యాయం ఉంది. మన సంఘంలో రెండు రాష్ట్రాల వాళ్ళం కలిసి భోంచేస్తాం, కలిసి బతుకమ్మ ఆడతాం. ఆయన గురించి మాట్లాడే రోజున ఈ మాట కూడా మాట్లాడుకుందాం. దాచిపెట్టి చేసే సన్మానం నాకు అక్కర్లేదు.

1980 జనవరిలో గెలిచొచ్చిన ఇందిరా గాంధీ చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది కూడా ఈయనే. 1982 జులైలో పదవీకాలం ముగిశాక మళ్ళీ అనంతపురమే వెళ్ళారు.

ఒక్కసారి ఈ లెక్క చూడండి. రాధాకృష్ణన్ 1975లో మద్రాసులో పోయారు. గిరి 1980లో మద్రాసులోనే. సంజీవరెడ్డి 1996 జూన్ 1న బెంగళూరులో. రాష్ట్రపతులైన మన ముగ్గురూ చివరి శ్వాస విడిచింది మనలాంటి ప్రవాసాంధ్రులుండే ఈ రెండు ఊళ్ళలోనే. మద్రాసులో రాధాకృష్ణన్ పేరు మీద పెద్ద రోడ్డుంది, టీచర్స్ డే ఉంది. సంజీవరెడ్డి పోయిన రోజే ఢిల్లీలో దేవెగౌడ గారు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఈ నేల నుంచి ఒక రైతుబిడ్డ ప్రధాని అవుతుంటే ఊరంతా అటే చూసి ఉంటుంది. అది తప్పు కాదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా మనం అటే చూస్తూ ఉండిపోయాం.

కమిటీకి నా విన్నపం ఇది. వచ్చే మే 19న హాలు వద్దు, శాలువాలు వద్దు, డబ్బు కూడా వద్దు. పొద్దునే కల్పల్లికి వెళ్ళి నాలుగు పూలు పెట్టి, అక్కడి నుంచి లాల్‌బాగ్ వెళ్దాం. గ్లాస్ హౌస్ ముందు గడ్డి మీద కూర్చుని 1964, 1967, 1969 గురించి పిల్లలకు చెబుదాం. 1979, ఆరో వేలు కూడా చెబుదాం. ప్రశ్నలు వాళ్ళనే అడగనిద్దాం. నల్గొండ మిత్రుడు తన వంతు మాట్లాడతానన్నారు. ధర్మవరం పెద్దాయన కూడా వస్తానన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, మా కారులోనే తీసుకొస్తాను. వెనక సీట్లో ఇంకో ఇద్దరికి చోటుంది.